కొడగులో చూసిన ఈ పెద్ద పావురం ఏంటి? మన బెంగళూరులో ఎందుకు కనపడదు?

బెల్లందూరు_బాల్కనీ:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఉద్యోగాల వల్ల బెంగళూరులో స్థిరపడిపోయాం. పక్షుల మీద ఇష్టం ఈ మధ్యే మొదలైంది, పెద్దగా తెలియదు, అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను, తెలిసినవాళ్లు చెప్పండి.

మొన్న వీకెండ్ ఇంట్లోవాళ్లందరం మడికేరి దాటాక తలకావేరి వైపు ఒక హోమ్‌స్టేలో దిగాం. ఇంటి వెనకాల నుంచే అడవి మొదలవుతుంది. తెల్లవారుతుండగా ఒక వింత శబ్దం, ముందు నాలుకతో టక్‌మనిపించినట్టు చిన్న చప్పుడు, ఆ వెంటనే ఖాళీ కుండలోకి ఊదినట్టు వూమ్... వూమ్... అని. చాలా దూరం వినపడుతోంది కానీ ఎటునుంచో అర్థం కాదు. ఇంటాయన అది అడవి పావురం అన్నారు. పావురం అంత గొంతుతో అరుస్తుందా అని నమ్మలేదు గానీ కాసేపటికి బాగా ఎత్తైన చెట్టు కొనకొమ్మ మీద అది కనపడింది. మా వారి బైనాక్యులర్స్‌లో చూస్తే తలా పొట్టా లేత బూడిద రంగు, వీపు గోధుమ రంగు, ముక్కు ఎర్రగా, కొన దగ్గర తెల్లగా ఉంది. కాకి కంటే పెద్దదే. అది చిన్న ఉసిరికాయంత పండుని ముక్కుతో తెంపి, మెడ సాచి, నమలడం గిమలడం లేకుండా ఒక్కసారిగా మింగేసింది. ఆ పండు గొంతులోంచి కిందికి దిగుతుంటే ఉబ్బెత్తుగా కదలడం స్పష్టంగా కనపడింది. ఊపిరాడదేమోనని మా పాప కంగారుపడింది, అది మాత్రం ఇంకో రెండు మింగి కదలకుండా అక్కడే కూర్చుంది.

ఇంతకీ ఏం పక్షి అండీ ఇది? రెండో సంగతి, బెంగళూరులో కూడా ఇన్ని చెట్లున్నాయి కదా, ఇక్కడికి ఇలాంటివి ఎందుకు రావు? మూడోది కొంచెం అర్జెంటు. మా లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలంలో చెట్లు పెడదామని అసోసియేషన్ వాళ్లు మీటింగ్ పెట్టారు. కొందరు పింక్ పూల చెట్లు కావాలంటున్నారు, కొందరు పక్షుల కోసం గింజలు వేసే తొట్టి కట్టిద్దామంటున్నారు. నేను పండ్ల పావురాలు వచ్చే చెట్లు పెట్టించాలనుకుంటున్నాను. ఏం చెప్పి ఒప్పించాలో సాయం చేయండి.

నంది_దారిలో:

మీరు ఆ టక్ అనే చప్పుడు కూడా రాశారు చూడండి, దాంతోనే తేలిపోయింది. అది మౌంటెన్ ఇంపీరియల్ పిజియన్, శాస్త్రీయ నామం డుకులా బాడియా. ఆ చిన్న చప్పుడు, దాని వెనకాలే లోతైన వూమ్ దాని ప్రత్యేకత. బూడిద తల, గోధుమ వీపు, కొన తెల్లబారిన ఎర్ర ముక్కు, అన్నీ సరిపోయాయి. ఈసారి చూస్తే తోక గమనించండి, నల్లటి తోక చివర లేత బూడిద పట్టీ ఉంటుంది, ఎగిరేటప్పుడు బాగా తెలుస్తుంది. పొడవు 43 నుంచి 51 సెంటీమీటర్లు. మన బాల్కనీల్లో గూళ్లు పెట్టే పావురం 33 సెం.మీ. దగ్గర ఉంటుంది కాబట్టి మీకు అంత పెద్దగా అనిపించడంలో వింతేమీ లేదు.

ఇది తూర్పు హిమాలయాలు, ఈశాన్య రాష్ట్రాల నుంచి మయన్మార్, థాయ్‌లాండ్ మీదుగా సుమత్రా, బోర్నియో, జావా దాకా ఉంటుంది. అంత దూరంలో ఉన్నది మళ్లీ మన పశ్చిమ కనుమల్లో విడిగా కనిపిస్తుంది, మధ్యలో ఎక్కడా లేదు. ఇక్కడిది క్యూప్రియా అనే రకం, వీపు మీద మిగతావాటికుండే ముదురు మెరూన్ తక్కువ, గోధుమ ఎక్కువ. దీన్ని పూర్తిగా వేరే జాతిగా లెక్కేసి మలబార్ ఇంపీరియల్ పిజియన్ అనేవాళ్లూ ఉన్నారు, నాకూ అదే సబబనిపిస్తుంది.

బెంగళూరుకు ఎందుకు రాదంటే మొదటి కారణం వాన. మనకు ఏడాదికి 900 నుంచి 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, పశ్చిమ కనుమల్లోని ఆగుంబెలో 7000 దాటుతుంది. ఈ పక్షికి ఏడాదంతా పచ్చగా ఉండే అడవి, అందులో పెద్ద కాయలు కాసే ముసలి చెట్లు కావాలి, ఒక చెట్టు పండ్లు అయిపోయేసరికి ఇంకో రకం చెట్టు పండి ఉండాలి. గింజలు తినదు, నేలమీద దిగి ఏరుకోవడం దాదాపు ఉండదు, పండే దాని తిండి. నగరం ఎన్ని మొక్కలు నాటినా అది ఆగుంబె కాదు, కాబట్టి ఈ పక్షిని లేఅవుట్‌కి రప్పించాలన్న ఆశ వదులుకోండి. వేరే పండ్ల పావురం ఒకటి వచ్చే వీలుంది, దాని గురించి చెట్ల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

బెంగళూరుకు దగ్గరలో పండ్ల మీద బతికే అడవి పావురాన్ని చూడాలంటే నంది కొండకి వెళ్లండి. పైన చెట్లు గుబురుగా ఉన్నచోట నీలగిరి వుడ్ పిజియన్ ఉంటుంది. ప్రపంచంలో పశ్చిమ కనుమల్లో తప్ప దాదాపు ఎక్కడా లేని పక్షి అది, కనుమలకు ఇంత దూరంగా, సముద్రమట్టానికి 1478 మీటర్ల ఎత్తున్న ఈ కొండ మీద కూడా మిగిలి ఉంది. ముప్పు ఉన్న జాతుల జాబితాలో ఉంది కూడా. మెడ వెనకాల నలుపు తెలుపు గళ్లు, చదరంగం పట్టాలాగా ఉంటాయి. సూర్యోదయం చూసి సెల్ఫీలు దిగి వెనక్కి తిరిగే జనం దాన్ని పట్టించుకోరు, నాకు ప్రతిసారీ మనసు కష్టపడుతుంది. ఎండ రాకముందే, మామూలు రోజుల్లో వెళ్తే మంచిది. స్పీకర్‌లో దాని కూత పెట్టి పిలవకండి, దయచేసి.

గోదారి_గట్టు:

నంది దారి గారు, మధ్యలో ఎక్కడా లేదన్నారు, మౌంటెన్ ఇంపీరియల్ వరకూ నిజమే గానీ దాని చుట్టం మనవైపు ఉందండీ. మాది రంపచోడవరం. మారేడుమిల్లి అడవుల్లో గ్రీన్ ఇంపీరియల్ పిజియన్ ఉంది. తల, మెడ, పొట్ట బూడిద రంగు, వీపు రెక్కలు కంచు మెరుపున్న పచ్చ, తోక అడుగున మెరూన్. ఎండ పడ్డప్పుడు వీపు చూస్తే రంగు మారుతూ మెరుస్తుంది, నీడలో చూస్తే మాత్రం నల్లగా, మామూలుగా కనపడుతుంది. తెలుగువాళ్లం కొడగు, చిక్‌మగళూరు అంటూ పరిగెడతాం, మన తూర్పు కనుమల్లో ఏముందో మనకే తెలియదు. రాజమండ్రిలో దిగి పొద్దున్నే బయల్దేరితే మారేడుమిల్లి పెద్ద దూరమేం కాదు.

ఒక బాధ కూడా చెప్పాలి. మా చిన్నప్పుడు వీటిని ఉండేలుతో కొట్టేవాళ్లు. గుంపుగా ఒకే చెట్టు మీద వాలి కడుపునిండా తిని కదలకుండా కూర్చుంటాయి, కొట్టడం తేలిక. పైగా ఒక గూటికి ఒకటే గుడ్డు. కోడిలాగా పది పిల్లలు చేసే పక్షి కాదు, పెద్దది ఒకటి పోతే ఆ లోటు పూడడానికి చాలా కాలం పడుతుంది. ఇప్పుడు చట్టం ప్రకారం అడవి పావురాలను కొట్టినా పట్టినా పెంచినా నేరం, అయినా రోడ్డు పక్కన పంజరాల్లో పచ్చగువ్వలను, అంటే గ్రీన్ పిజియన్లను, అమ్మేవాళ్లు అక్కడక్కడా కనపడుతూనే ఉన్నారు. ఎవరైనా చూస్తే జాలిపడి కొనకండి, కొంటే వాడు రేపు ఇంకో నాలుగు పట్టుకొస్తాడు. అటవీ శాఖకు ఫోన్ చేయండి.

బెల్లందూరు_బాల్కనీ:

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. తోక పట్టీ గమనించలేదు గానీ కూత రికార్డింగ్ ఇప్పుడే వెతికి విన్నాను, అదే! మా పాప ఇంకో ప్రశ్న అడుగుతోంది. అంత పండు మింగింది కదా, లోపల గింజ ఏమవుతుంది? కోడికి ఉన్నట్టు దానికీ లోపల రాళ్లు ఉండి పిండి చేసేస్తుందా?

విత్తనాల_మేడమ్:

మంచి ప్రశ్న అడిగింది, పాపకి నా తరఫున శభాష్ చెప్పండి. నేను డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్తాను, నాకు ఈ పక్షి మీద ఉన్న గౌరవమంతా ఆ గింజ గురించే.

పావురాలన్నీ ఒకటే అనుకుంటాం గానీ కడుపు విషయంలో రెండు దారులు. బాల్కనీ పావురానికి, అలాగే పచ్చగువ్వకి గిజార్డ్, అంటే కందనకాయ, గట్టి కండతో ఉంటుంది, చిన్న రాళ్లు మింగి గింజను నలిపి అరిగించుకుంటాయి. ఇంపీరియల్ పావురాలది, ఇండోనేషియా, న్యూగినీ, పసిఫిక్ దీవుల్లో రంగురంగుల్లో ఉండే ఫ్రూట్ డవ్‌లది వేరే ఏర్పాటు. వాటి గిజార్డ్ గోడ పల్చగా ఉంటుంది, పేగు పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. అది పండు కండను మాత్రం ఒలుచుకుని గింజను చెక్కుచెదరకుండా వదిలేస్తుంది. ముక్కు సన్నగా కనపడినా కింది దవడ, గొంతు బాగా సాగుతాయి, అందుకే ముక్కు కంటే ఎన్నో రెట్లు లావున్న పండు కూడా లోపలికి పోతుంది. మీ పాప భయపడింది ఆ సాగడం చూసే.

అంటే పండు తిన్న చోట కాకుండా, ఎగిరి వెళ్లి వాలిన ఇంకో చోట ఆ గింజ నేలమీద పడుతుంది. చెట్టుకి కావాల్సింది అదే. తల్లి చెట్టు కిందే రాలిన గింజల్ని పురుగులు, ఎలుకలు, బూజులు వెతుక్కుంటూ వచ్చి తినేస్తాయి, అన్నీ ఒకేచోట ఉంటాయి కాబట్టి. దూరంగా పడ్డ ఒక్క గింజకు బతికే అవకాశం ఎక్కువ. వానాడవుల్లో అన్ని రకాల చెట్లు కలగలిసి ఎందుకుంటాయి అన్నదానికి 1970లో జాన్జెన్, 1971లో కానెల్ విడివిడిగా ఇచ్చిన వివరణలో కీలకం ఇదే, నేను క్లాసులో ఏటా చెప్పే పాఠం.

జాజికాయ తీసుకోండి. మన వంటింట్లో జాజికాయ, జాపత్రి రెండూ ఉంటాయి కదా. కాయ పండి రెండుగా విచ్చుకున్నాక లోపల ముదురు గోధుమ గింజ, దాన్ని అల్లుకుని ఎర్రటి వలలాంటి పొర కనపడతాయి. గింజ లోపలి పప్పు జాజికాయ, పై పొర జాపత్రి. ఆ ఎర్రటి పొరలో కొవ్వు బాగా ఉంటుంది, పక్షికి అదే జీతం. పొర అరిగిపోతుంది, గింజ బయటికి వస్తుంది. పశ్చిమ కనుమల్లో అడవి జాజి చెట్లు కొన్ని రకాలు ఉన్నాయి, ఉత్తర కన్నడ జిల్లా కత్తలెకాన్‌లో నీళ్లలో వేర్లు పైకి లేపి నిలబడే జాజి చిత్తడి అడవి కూడా ఉంది. వాటి గింజల్ని మోయగలిగేవి హార్న్‌బిల్, ఇంపీరియల్ పావురం లాంటి పెద్ద నోటి పక్షులే, బుల్‌బుల్ నోట్లో అవి పట్టవు. అరుణాచల్ అడవుల్లో పనిచేసే పరిశోధకులు కూడా పెద్ద గింజల చెట్లకు హార్న్‌బిల్స్‌తో పాటు ఈ పావురాల పేరే చెప్తారు.

చరిత్రలో కూడా ఈ పావురాల పాత్ర ఉంది. ఒకప్పుడు జాజికాయ దాదాపుగా ఇండోనేషియాలోని బండా దీవుల్లోనే పండేది. 1621లో డచ్ కంపెనీ ఆ దీవుల్ని దారుణమైన రక్తపాతంతో ఆక్రమించుకుంది, వ్యాపారం తన గుప్పిట్లోనే ఉండాలని వేరే దీవుల్లో ఉన్న జాజి చెట్లు నరికించింది. అక్కడ పైడ్ ఇంపీరియల్ పిజియన్ అని తెల్లటి ఒళ్లు, నల్ల రెక్క అంచులున్న పావురం ఉంటుంది, దాన్ని నట్‌మెగ్ పిజియన్ అనే పిలిచేవారు. అది గింజలు మింగి సముద్రం మీద ఎగిరి పక్క దీవుల్లో విత్తుతూ పోయింది. ఆ పావురం మన అండమాన్ నికోబార్‌లో కూడా ఉంది.

కాఫీతోట_కిట్టు:

మేడమ్ గారి పోస్టు సేవ్ చేసుకున్నాను. నేను కాఫీ కొనుగోళ్ల పనిమీద కొడగు, సకలేశపుర తోటల్లో తిరుగుతుంటాను, ఊరు అనంతపురం. ఈ పావురం అడవి అంచున్న తోటల్లోకి కూడా వస్తుంది, కానీ అన్ని తోటల్లోకీ రాదు. ఆ తేడా చెప్పాలని రాస్తున్నాను.

పాతకాలం కాఫీ తోట అంటే అడవిలో కింద పొదలు తీసేసి, పైన పెద్ద చెట్లు నీడకు ఉంచి మధ్యలో కాఫీ పెట్టేవారు. అత్తి, మర్రి జాతులు, పనస, నేరేడు జాతులు, అడవి దాల్చిన, పేరు తెలియని ఇంకా ఎన్నో. కాఫీ తోటే అయినా పక్షికి అది అడవి. తర్వాత సిల్వర్ ఓక్ వచ్చింది, అది ఆస్ట్రేలియా చెట్టు. నిటారుగా, తొందరగా పెరుగుతుంది, మిరియాల తీగ పాకడానికి బాగుంటుంది, అన్నిటికీ మించి అమ్ముకోవడం సులువు. కొడగులో చాలా భూముల్లో స్థానిక చెట్ల కలప మీద రైతుకు పూర్తి హక్కు లేదు, నరకాలంటే అటవీ శాఖ చుట్టూ తిరగాలి. సిల్వర్ ఓక్‌కి ఆ టెన్షన్ లేదు. అందుకని ఒక పెద్ద చెట్టు పడిపోతే ఆ జాగాలో రైతు సిల్వర్ ఓకే పెడతాడు. అరబికా రకం కాఫీ తీసి రొబస్టా రకం వేసినచోట నీడ అవసరం ఇంకా తగ్గిపోయి, ఉన్న చెట్లు కూడా పల్చబడ్డాయి.

రోడ్డు మీద నుంచి చూస్తే ఆ తోట కూడా పచ్చగా, చల్లగా ఉంటుంది, టూరిస్టుకు తేడా తెలియదు. సిల్వర్ ఓక్ కాయ ఎండిపోయి విచ్చుకుంటుంది, లోపల గాలికి ఎగిరే రెక్క గింజలు. పావురం తినడానికి అందులో ఏమీ లేదు. ఆకులకు లోటు లేదు, పండ్లు లేవు. పొద్దున్నే పాత రకం తోటలో నిలబడితే బార్బెట్లు, హార్న్‌బిల్స్, ఈ వూమ్ కూత, ఒకటే సందడి. రెండు కిలోమీటర్ల అవతల సిల్వర్ ఓక్ తోటలో నిలబడితే ఎంతసేపటికీ ఏమీ వినపడదు.

రైతుని తిట్టడం నాకు ఇష్టం ఉండదు. రేటు పడిపోయిన ఏడాది ఆ నాలుగు సిల్వర్ ఓకులు అమ్మి పిల్లల ఫీజు కట్టినవాళ్లు నాకు తెలుసు. స్థానిక చెట్టు ఉంచినందుకు కూడా రైతుకు ఏదో ఒక లాభం కనపడేలా నిబంధనలు మారాలి, కొనేవాళ్లం మేము నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వాలి. కాఫీ తాగేవాళ్లు ప్యాకెట్ మీద ఏ నీడలో పండిందో అడగడం మొదలుపెడితే మా కంపెనీల్లో కూడా కదలిక వస్తుంది, ఇది లోపలుండి చెప్తున్న మాట.

బెల్లందూరు_బాల్కనీ:

కిట్టు గారు, మీరు రాసింది చదివాక మా లేఅవుట్ గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది. మా దగ్గర ఉన్నవన్నీ టబెబుయా, గుల్‌మొహర్, రెయిన్‌ట్రీ. వాటికి కూడా తినే పండు లేదు కదా?

విత్తనాల_మేడమ్:

లేదండీ. టబెబుయా, జకరండా, గుల్‌మొహర్, కాపర్‌పాడ్, మనం బెంగళూరు అందం అనుకునేవి దాదాపు అన్నీ ఎండు కాయల చెట్లే. పూలకు తేనెటీగలు, సన్‌బర్డ్‌లు వస్తాయి, కాదనను, రెయిన్‌ట్రీ నీడ గొప్పది. కానీ పండు తినే పక్షికి అవి ఉత్త కొమ్మలు. ఇంకో పింక్ చెట్టు ఈ నగరానికి అవసరం లేదని నేను గట్టిగానే అంటాను.

మీకు కావాల్సింది మర్రి, రావి, జువ్వి, మేడి. వీటి గొప్పతనం ఏంటంటే ఒక్కో జాతికి దాని సొంత కందిరీగ ఉంటుంది, ఆ సన్నటి కందిరీగ కాయ లోపలే పుట్టి, ఎగిరి వెళ్లి ఇంకో చెట్టు కాయలో గుడ్లు పెట్టాలి. దాని సంతతి ఆగకూడదంటే ఎప్పుడూ ఎక్కడో ఒక చెట్టు కాయలతో ఉండాల్సిందే. అందుకే ఊళ్లో రావి చెట్లన్నీ ఒకేసారి కాయవు, ఒకటి ఇవాళ, ఇంకోటి రెండు నెలలకు. మామిడి, నేరేడు లేని నెలల్లో కూడా పక్షికి తిండి దొరికేది వీటి దగ్గరే. వీటికి వచ్చే పావురం పచ్చగువ్వ, యెల్లో ఫుటెడ్ గ్రీన్ పిజియన్ అంటారు, మహారాష్ట్ర రాష్ట్ర పక్షి. పసుపుపచ్చ కాళ్లు, పచ్చటి ఒళ్లు, భుజం మీద లేత వంగపండు రంగు మచ్చ. బన్నేరుఘట్ట వైపు, ఊరి శివార్లలో పొద్దున్నే ఆకుల్లేని కొనకొమ్మ మీద ఎండ కాచుకుంటూ గుంపుగా కూర్చుంటాయి, మర్రి ఆకుల్లోకి దూరాయంటే మాత్రం కళ్ల ముందున్నా కనిపించవు.

కోరమంగళ_కుర్రాడు:

మేడమ్ చిన్న డౌట్. పచ్చగువ్వ గింజను నలిపేస్తుంది అన్నారు కదా, మరి దానివల్ల చెట్టుకు ఉపయోగం ఏంటి? గోడల్లో రావి మొక్కలు ఎవరు మొలిపిస్తున్నారు?

విత్తనాల_మేడమ్:

బాగా పట్టుకున్నారు. పచ్చగువ్వ వల్ల మర్రికి పెద్ద లాభం లేదు, అది తినడానికే వస్తుంది. మీ గోడలో రావి మొలిపించేది కోయిల, గోరింక, బుల్‌బుల్, కంసాలిపిట్ట అనే కాపర్‌స్మిత్ బార్బెట్, రాత్రిపూట గబ్బిలాలు. చెట్టుకు వందల రకాల అతిథులు, అందులో కొందరు మోస్తారు, కొందరు తిని పోతారు. చెట్టు అందరికీ సరిపడా కాస్తుంది. పచ్చగువ్వకు కూడా తిండి కావాలి కదా, లాభం లేదని దాన్ని తక్కువ చేయలేం.

నంది_దారిలో:

గింజల తొట్టి సంగతి ఎవరూ మాట్లాడలేదు, అది ముఖ్యం. బాల్కనీ గారు, ఆ తొట్టి ఒక్కటి మాత్రం కట్టనివ్వకండి. జొన్నలు, గోధుమలు పోస్తే వచ్చేది మామూలు పావురాల గుంపే, పండ్ల పావురం ఒక్కటీ రాదు. నెల తిరక్కుండా ప్రతి ఏసీ డబ్బా వెనకాల గూడు, ప్రతి బాల్కనీకి వల. ఎండిన రెట్ట పొడి గాలిలో పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు ఉంది, మీ మీటింగ్‌లో పెద్దవాళ్లు ఎక్కువ ఉంటారు కాబట్టి ఇది చెప్తే వింటారు. పావురాలకు పెడితే పుణ్యం అనేవాళ్లతో వాదించకండి, ఆ డబ్బుతోనే ఒక మేడి మొక్క పేరు రాయించి నాటించండి, ఎన్నో పక్షులకు పెట్టినట్టవుతుంది.

లేఅవుట్_రామ్మూర్తి:

మా లేఅవుట్‌లో (యలహంక దాటాక) ఇదే పని చేయించాం కాబట్టి పని జరిగే తీరు చెప్తాను. మీటింగ్‌లో మొదట వచ్చే అభ్యంతరం వేర్లు. ఆ భయం న్యాయమైనదే, కొట్టిపారేయకండి. మర్రి, రావి, జువ్వి వేర్లు సంపు గోడని, కాంపౌండ్ గోడని, డ్రైనేజీ పైపుల్ని పగలగొడతాయి. కాబట్టి అవి పార్కు మధ్యలో, కట్టడాలకు బాగా ఎడంగా పెట్టాలి, అంత జాగా లేకపోతే అసలు పెట్టకండి. పక్కనే చెరువు ఉంటే ఆ మట్టికట్ట మీద కూడా పెట్టొద్దు, దిగువన ఖాళీ స్థలం చూడండి. చిన్న జాగా అయితే నేరేడు ఒకటి, ఒక మూల సింగపూర్ చెర్రీ పెట్టండి. సింగపూర్ చెర్రీ ఇక్కడి చెట్టు కాదు, నిజమే, కానీ రెండేళ్లలోపే కాపుకొస్తుంది, పక్షులు రావడం జనం కళ్లారా చూస్తారు, దాంతో మర్రి పెరిగేదాకా ఓపిక పట్టడానికి ఒప్పుకుంటారు. మా దగ్గర అలాగే జరిగింది, మొదట గొడవపడ్డాయనే ఇప్పుడు నీళ్లు పోస్తున్నాడు.

రెండో అభ్యంతరం కార్ల మీద రాలే పండ్లు, రెట్టలు. నేరేడు పార్కింగ్ పక్కన పెట్టకపోతే ఆ గొడవే ఉండదు. మేడి పండ్లు కుప్పలుగా రాలతాయి, వాసన వస్తుంది, కాబట్టి పిల్లలు ఆడుకునే చోటుకు దూరంగా. ఇది ముందే చెప్పి ఒప్పించండి, దాచి నాటితే రేపు నరికేస్తారు.

ఇంకో మాట. పండ్ల చెట్లు పెట్టాక పక్షులు గాజు అద్దాలకు కొట్టుకోవడం మొదలవుతుంది, క్లబ్‌హౌస్ అద్దంలో చెట్టు నీడ కనపడి నిజం చెట్టనుకుని దూసుకొస్తాయి. మా దగ్గర ఒక పచ్చగువ్వ అలాగే పడింది. వాచ్‌మన్ పాపం మంచి మనసుతో నోరు తెరిచి అన్నం కుక్కబోయాడు. అలా చేయొద్దు, నీళ్లు కూడా పోయొద్దు. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకట్లో ఉంచి కెంగేరి దగ్గర ఉన్న పీపుల్ ఫర్ యానిమల్స్ వాళ్ల ఆస్పత్రికి ఫోన్ చేశాం. అద్దం బయటివైపు దగ్గర దగ్గరగా చుక్కల స్టిక్కర్లు అంటించాక మళ్లీ అలా జరగలేదు.

బెల్లందూరు_బాల్కనీ:

రామ్మూర్తి గారు, ఇది ప్రింట్ తీసి మీటింగ్‌కి పట్టుకెళ్తాను. మాకు పార్కు మధ్యలో జాగా బాగానే ఉంది, ఒక మర్రి, ఒక జువ్వి, గోడ పక్కన నేరేళ్లు, చివర మేడి అని అడుగుతాను. తొట్టి వద్దని కూడా. మొక్కలు ఎక్కడ దొరుకుతాయి, ఎంత ఎత్తువి తీసుకోవాలి?

లేఅవుట్_రామ్మూర్తి:

వానాకాలం మొదలయ్యేముందు అటవీ శాఖ నర్సరీలో అడగండి, ప్రైవేట్ నర్సరీల్లో మర్రి, మేడి అడిగితే తేవడానికి బద్ధకిస్తారు. మరీ చిన్నవి వద్దు, మీ భుజం దాకా ఉన్నవి తీసుకోండి, ఆవులు, గడ్డి కోసేవాళ్లు తొక్కకుండా చుట్టూ కంచె వేయించండి. మొదటి రెండు వేసవులు నీళ్లు ఎవరు పోస్తారో మీటింగ్‌లోనే పేర్లతో రాయించుకోండి.